కరెంటు తెచ్చుకున్న ఊళ్లకు దవాఖాన కష్టమా?

రాజన్న సిరిసిల్ల జిల్లా రుద్రంగిలో ఇంటింటికీ వచ్చే కరెంటు బిల్లు ప్రభుత్వ విద్యుత్ సంస్థది కాదు. సిరిసిల్ల సహకార విద్యుత్ సరఫరా సంఘానిది. జనం నోట దాని పేరు 'సెస్'. దేశంలో గ్రామీణ విద్యుత్ సహకార సంఘాలను ప్రయోగంగా అయిదు చోట్ల మొదలుపెట్టినప్పుడు వాటిలో సిరిసిల్ల ఒకటి. గుజరాత్‌లోని కోడినార్, మహారాష్ట్రలోని ముళా-ప్రవరా, కర్ణాటకలోని హుక్కేరి, ఉత్తరప్రదేశ్‌లోని లక్నో మిగతా నాలుగు. ముళా-ప్రవరా 2011లో పంపిణీ పని వదులుకోవాల్సి వచ్చింది. 1970లో మొదలైన సెస్ మాత్రం ఇప్పటికీ నడుస్తోంది. దాని వినియోగదారులే దాని సభ్యులు. వాళ్లే ఓటేసి డైరెక్టర్లను ఎన్నుకుంటారు. బావుల దగ్గర మోటర్లు తిరిగినా, సిరిసిల్ల సాంచలు (మరమగ్గాలు) ఆడినా ఆ తీగల మీద వచ్చిన కరెంటుతోనే.

యాభై ఏళ్లకు పైగా కరెంటును సొంత సంఘంతో నడుపుకొంటున్న ఈ నేల, వైద్యం దగ్గరికి వచ్చేసరికి ఎందుకు ఒంటరిదైపోతోంది? ఈ ప్రశ్న ఎవరూ గట్టిగా అడగడం లేదు. 2016 అక్టోబరులో జిల్లాల విభజనతో రుద్రంగి మండల కేంద్రమైంది. అంతకు ముందు చందుర్తి మండలంలో ఒక ఊరు. బోర్డు మారింది, కానీ పెద్ద జబ్బు వస్తే పట్టాల్సిన దారులు మారలేదు. ఉత్తరానికి పోతే కోరుట్ల, ఈశాన్యానికి జగిత్యాల, దక్షిణానికి వేములవాడ, సిరిసిల్ల. అక్కడా కాదంటే కరీంనగర్, ఆ తర్వాత హైదరాబాద్. ముందు ఊళ్లోని ఆర్ఎంపీ, తర్వాత పట్నంలో స్కానింగ్, ఆ పైన అప్పు.

దేశంలో వైద్యం మీద అయ్యే మొత్తం ఖర్చులో జనం నేరుగా జేబులోంచి పెట్టేది 2013-14లో 64.2 శాతం. 2021-22 నాటికి అది 39.4 శాతానికి తగ్గిందని జాతీయ ఆరోగ్య ఖాతాలు చెబుతున్నాయి. తగ్గడం నిజం, సంతోషం. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఎన్నో ప్రాణాలు నిలిపింది. 2023 డిసెంబరులో తెలంగాణ దాని పరిమితిని పది లక్షల రూపాయలకు పెంచింది. అయితే ఆరోగ్యశ్రీ ప్రధానంగా మంచం మీద చేరిన రోగిని చూస్తుంది. మంచం దాకా రాకుండా ఆపే పని, అంటే నెలనెలా బీపీ చూడటం, షుగర్ మాత్రలు మానకుండా కనిపెట్టుకోవడం, బీడీలు చుట్టే ఆడవాళ్ల నడుం నొప్పినీ దగ్గునూ సకాలంలో పట్టించుకోవడం, గల్ఫ్ నుంచి తిరిగొచ్చినాయన మూత్రపిండాలను పరీక్షించడం, ముసలమ్మ కంట్లో పొరను తీయించడం, ఇవన్నీ పొద్దున లేస్తే చేయాల్సిన చిన్న పనులు. వీటికి దగ్గర్లో ఉండే మనుషులు కావాలి. లాభం కోసం పెట్టిన దవాఖానకు వీటిలో గిట్టుబాటు లేదు.

లాభం పంచుకోని దవాఖానలు తెలుగునేలకు కొత్త కాదు. వాటి చరిత్రను చూస్తే ఏది నిలబడింది, ఏది ఎందుకు మారాల్సి వచ్చింది అనేది తెలుస్తుంది.

రుద్రంగికి దగ్గర్లో ఉన్న పాత ఉదాహరణ డిచ్‌పల్లి. ఇప్పుడు తెలంగాణ విశ్వవిద్యాలయంతో పేరుపడ్డ ఆ ఊరికి నూరేళ్ల కిందట వచ్చిన పేరు వేరు. స్కాట్లాండ్‌లో పుట్టి, ఆబర్డీన్‌లో వైద్యం చదివిన ఇసబెల్ కెర్ 1907లో భర్త జార్జ్ కెర్‌తో కలిసి వెస్లియన్ మెథడిస్ట్ మిషన్ తరఫున నిజాం రాజ్యానికి వచ్చారు. నిజామాబాద్‌లో ఆమె దగ్గరికి వచ్చే రోగుల్లో కుష్ఠు ఉన్నవాళ్లకు ఎక్కడా చోటు లేదు. ఇల్లు రానివ్వదు, ఊరు ఉండనివ్వదు. 1911లో వాళ్ల కోసం చిన్న కేంద్రం తెరిచారు. అది చాలలేదు. అప్పుడు డబ్బు ఇచ్చింది లండన్ మాత్రమే కాదు. రాజా నర్సాగౌడ్ అనే స్థానిక హిందూ దాత ముందుకు వచ్చారు. ఆయన ఇచ్చిన అండతో 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్ఠు వైద్యశాల మొదలైంది.

ఒక క్రైస్తవ మిషన్ దవాఖానకు ఒక గౌడ్ సంపన్నుడి ధనం పునాది కావడం చిన్న సంగతి కాదు. దవాఖాన అనేది మతం దగ్గరా కులం దగ్గరా ఆగిపోదని ఆ రోజుల్లోనే ఈ ప్రాంతం చూపించింది. అప్పట్లో కుష్ఠుకు మందు లేదు. ఆశ్రయం, కట్టు, తిండి మాత్రమే ఇవ్వగలిగేవాళ్లు. 1920ల మొదట్లో కలకత్తాలో ఎర్నెస్ట్ మూయిర్ చాల్‌మూగ్రా జాతి గింజల నూనెను సూదిమందుగా ఇచ్చే పద్ధతిని మెరుగుపరిచారు. ఆ పద్ధతిని ఇసబెల్ నేర్చుకుని డిచ్‌పల్లికి తెచ్చారు. ఆ నూనె అందరికీ నయం చేయలేదు. సూది నొప్పి భరించలేనిది. అయినా, వదిలేసి పోవడానికి తెచ్చే చోటు కాస్తా, బాగుచేసుకోవడానికి వెతుక్కుంటూ వచ్చే చోటుగా మారింది. 1923లో ఇసబెల్, జార్జ్ ఇద్దరికీ కైసర్-ఇ-హింద్ పతకం దక్కింది.

డిచ్‌పల్లిలో పనిచేసిన మరో డాక్టర్ జాన్ లోవ్. ఇక్కడి అనుభవంతో కలకత్తా వెళ్లి, తర్వాత నైజీరియాలోని ఉజుఅకోలికి చేరి, డాప్సోన్‌ను మాత్రల రూపంలో ఇవ్వొచ్చని 1940ల చివర్లో నిరూపించినవాళ్లలో ఆయన ఒకరు. నిజామాబాద్ పక్కన ఒక పల్లె దవాఖానలో నేర్చిన పని ప్రపంచ వైద్యానికి ఉపయోగపడింది. జిల్లా పిల్లలకు బడిలో చెప్పాల్సిన పాఠం ఇది. చెప్పడం లేదు.

1982లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేసింది. అక్కడి నుంచి కుష్ఠు దవాఖానల అవసరమే మారిపోయింది. రోగిని ఇంటి దగ్గరే ఉంచి మందులిస్తే చాలు. 2005 చివరికి దేశం మొత్తం మీద పదివేల మందికి ఒకరి కన్నా తక్కువ స్థాయికి కేసులు తగ్గాయి. కుష్ఠు రోగులను నిర్బంధించే 1898 నాటి చట్టం 2016లో రద్దయింది. కుష్ఠును విడాకులకు కారణంగా చూపే నిబంధనలను 2019లో తీసేశారు. ఇదంతా మంచి మార్పే. కానీ ఒక జబ్బు కోసం పుట్టిన దవాఖాన ఆ జబ్బు తగ్గినప్పుడు ఏం చేయాలి? దూరదేశపు దాత వేరే జబ్బు వైపు, వేరే ఖండం వైపు చూసినప్పుడు జీతాలు ఎవరిస్తారు?

ఈ ప్రశ్న చిత్తూరు వైపు మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం ముందూ నిలబడింది. డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్ చేతుల మీదుగా 1910ల్లో మొదలైన ఆ క్షయ శానిటోరియం దక్షిణాదిలో ఒక వెలుగు వెలిగింది. రోగులు నెలల తరబడి అక్కడి గాలిలో, ఎండలో ఉండి వైద్యం పొందేవాళ్లు. 1959లో మద్రాసు పరిశోధన వచ్చి, క్షయకు ఇంటి దగ్గర మందులు వాడినా శానిటోరియంలో ఉన్నంత ఫలితమే వస్తుందని తేల్చింది. మంచాల అవసరం పోయింది. ఆరోగ్యవరం సాధారణ వైద్యకేంద్రంగా మారి బతికింది.

మారగలిగినవే బతుకుతాయి. మారాలా వద్దా అని నిర్ణయించే హక్కు ఎవరి చేతిలో ఉందన్నది అసలు విషయం. ఆ హక్కు దూరంగా ఉన్న బోర్డు దగ్గర ఉంటే ఊరు చూస్తూ ఉండటం తప్ప ఏమీ చేయలేదు.

ఇక మన కాలానికి వస్తే, ఎల్వీ ప్రసాద్ కంటి వైద్య సంస్థ పెరిగిన తీరు ప్రత్యేకం. అమెరికాలో పనిచేస్తూ తిరిగొచ్చిన డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు హైదరాబాద్‌లో దీన్ని తలపెట్టినప్పుడు సినీ నిర్మాత, దర్శకుడు ఎల్.వి. ప్రసాద్ కోటి రూపాయలు, బంజారాహిల్స్‌లో అయిదెకరాల స్థలం ఇచ్చారు. 1987లో తలుపులు తెరుచుకున్నాయి. ఇచ్చుకోగలిగినవాళ్లు ఫీజు కడతారు, లేనివాళ్లకు అదే వైద్యం ఉచితం. మధురైలో 1976లో పదకొండు మంచాలతో అరవింద్ కంటి ఆస్పత్రిని మొదలుపెట్టిన డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి అప్పటికే ఈ దారి వేసి ఉన్నారు.

ఇక్కడిదాకా అయితే అది ఒక మంచి నగర దవాఖాన మాత్రమే. అసలు మలుపు 1996లో ముథోల్‌లో వచ్చింది. గోదావరి అవతల, నేటి నిర్మల్ జిల్లాలో, మహారాష్ట్ర పొలిమేర దగ్గర భోస్లే గోపాల్‌రావు పటేల్ పేరుతో కంటి కేంద్రం పెట్టారు. హైదరాబాద్ నుంచి వారానికోసారి వచ్చి క్యాంపు పెట్టి వెళ్లే పద్ధతి కాదిది. అక్కడే ఉండి ఆపరేషన్లు చేసే దవాఖాన. ఆ అనుభవం మీద సంస్థ ఒక మెట్ల నిర్మాణం తయారుచేసుకుంది. అయిదు వేల జనాభాకు కళ్లు కనిపెట్టి చూసే గ్రామ కార్యకర్త, యాభై వేలకు ఒక దృష్టి కేంద్రం, అయిదు లక్షలకు ముథోల్ లాంటి ఆపరేషన్ కేంద్రం, ఆ పైన పెద్ద దవాఖానలు. దృష్టి కేంద్రంలో కూర్చునేది డాక్టర్ కాదు. ఇంటర్ చదివి, ఏడాది శిక్షణ పొందిన ఆ చుట్టుపక్కల ఊళ్ల యువతీ యువకులు. కళ్లద్దాలు అక్కడే ఇస్తారు, ఆపరేషన్ కావాల్సినవాళ్లను పైకి పంపుతారు.

పల్లెకు డాక్టర్ రాడు అని చేతులు ముడుచుకుని కూర్చునేవాళ్లకు ఇది సూటి జవాబు. డాక్టర్ రాకముందు చేయాల్సిన పని చాలా ఉంది. ఆ పనిని పల్లె పిల్లలే చేయగలరు. రుద్రంగిలో, పక్కనున్న కథలాపూర్‌లో ఇంటర్ చదివి గల్ఫ్ వీసా కోసం ఏజెంట్ చుట్టూ తిరిగే పిల్లవాడికి ఇది ఊళ్లో ఉండే ఉద్యోగం కూడా.

అనంతపురంలో విన్సెంట్ ఫెర్రర్ కథ అందరికీ తెలిసిందే. మహారాష్ట్ర నుంచి వెళ్లగొడితే 1969లో అనంతపురం చేరి గ్రామీణాభివృద్ధి సంస్థ స్థాపించారు. బత్తలపల్లిలో వాళ్లు కట్టిన పెద్ద దవాఖాన ఆ కరువు జిల్లాకు పెద్ద దిక్కయింది. ఆయన 2009లో కన్నుమూశాకా పని ఆగలేదు. అయితే ఆ సంస్థకు ఊపిరి స్పెయిన్‌లోని వేలాది సామాన్య దాతలు. విదేశీ విరాళాల అనుమతి విషయంలో 2025లో చిక్కు వచ్చినప్పుడు అనంతపురం జనం రోడ్డెక్కారు. ఆ జనానికి ఆ సంస్థ మీద ఉన్న ప్రేమ ఎంతటిదో అప్పుడు లోకం చూసింది. అలాగే, ఢిల్లీలో ఒక సంతకం ఆగితే ఇక్కడి దవాఖాన ఎంత వణుకుతుందో కూడా కనపడింది. ప్రేమతో పాటు వాటా కూడా ఉండాలి.

వాటా అంటే లక్షలు కాదు. మహారాష్ట్రలో సేవాగ్రామ్ కస్తూర్బా ఆస్పత్రి 1970ల చివర నుంచి చుట్టుపక్కల పల్లెలతో జొన్నల బీమా నడిపింది. పంట చేతికొచ్చినప్పుడు కుటుంబం తన స్తోమతను బట్టి జొన్నలు కొలిచి ఇస్తుంది, ఏడాదంతా వైద్యం అందుతుంది. ఒక్కరిద్దరు కాక ఊళ్లో ఎక్కువ కుటుంబాలు చేరితేనే పథకం వర్తిస్తుంది. తమిళనాడులో నీలగిరి కొండల గూడలూరులో ఆదివాసీలు ఇంకో అడుగు వేశారు. 1990లో డాక్టర్ దంపతులు రూపా, నారాయణన్ దేవదాసన్‌ల సాయంతో మొదలైన గూడలూరు ఆదివాసీ ఆస్పత్రిలో నర్సులు ఆ గూడేల ఆడపిల్లలే. ఆస్పత్రి నడిపే సంఘంలో కూర్చునేదీ ఆదివాసీలే. బడి మానేసిన పిల్లలకు శిక్షణ ఇచ్చి ఆపరేషన్ థియేటర్ దాకా తీసుకొచ్చారు. చదువు, డబ్బు ఉన్న మన ఊళ్లు అంతకన్నా తక్కువేం కాదు.

2003లో కర్ణాటక సహకార రంగం ద్వారా మొదలైన యశస్విని పథకంలో రైతు నెలకు అయిదు రూపాయలు కట్టాడు. డాక్టర్ దేవిశెట్టి ఆలోచన అది. అయిదు రూపాయలకు గుండె ఆపరేషన్ ఎలా కుదిరిందంటే, పాల సంఘాల్లో, పరపతి సంఘాల్లో అప్పటికే పేర్లున్న లక్షలాది మందిని ఒకేసారి చేర్చుకోగలిగారు కాబట్టి. సంఘం ముందే ఉంది, వైద్యం దాని మీదికి వచ్చింది.

సిరిసిల్లలో సంఘం ముందే ఉంది. సెస్ సభ్యులు ఉన్నారు. ఊరూరా సింగిల్ విండోలు, అంటే వ్యవసాయ పరపతి సంఘాలు ఉన్నాయి, ఐకేపీ మహిళా సంఘాలు ఉన్నాయి. నెల నెలా పొదుపు కట్టి, పుస్తకం రాసి, అప్పు తిరిగి చెల్లించడం ఈ ఆడవాళ్లకు కొట్టిన పిండి. గల్ఫ్‌లో ఉన్నవాళ్లు గుడికీ బడికీ చందాలు పంపుతూనే ఉన్నారు. ప్రభుత్వపు భారం తప్పించడానికి కాదు ఈ మాట. జగిత్యాలకు 2022లో, సిరిసిల్లకు 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. అవి పెద్ద ఆసరా. వాటి దాకా రోగిని సకాలంలో చేర్చే, వాటి నుంచి ఇంటికి వచ్చాక కనిపెట్టుకునే ఊరి దవాఖాన లేకపోతే ఆ మంచాలు ముదిరిన జబ్బులతోనే నిండుతాయి.

ఈ సంఘాల ఆసరాతో ఒక దవాఖాన సంఘం పెట్టుకుందామంటే అడ్డు చెప్పే మాటల్లో ఒకటి మాత్రం గట్టిది: రాజకీయం. 2022 డిసెంబరులో సెస్ ఎన్నికలు పార్టీల పోరుగానే జరిగాయి. రేపు దవాఖాన సంఘానికీ అదే పడితే ఏ పార్టీ వాళ్ల రోగికి ముందు సూది వేస్తారు అనే భయం కొట్టిపారేయదగింది కాదు. అందుకే దవాఖాన సంఘాన్ని సెస్‌లో కలపకూడదు. సెస్, సింగిల్ విండోలు సభ్యులను చేర్పించే వేదికలుగా ఉంటే చాలు. సంఘాన్ని 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద విడిగా రిజిస్టర్ చేసుకోవచ్చు. ప్రభుత్వ వాటా లేకుండా సభ్యుల డబ్బుతో నడిచే సంఘాలకు ఆ చట్టం స్వేచ్ఛ ఇస్తుంది. పాలకవర్గంలో సగం ఆడవాళ్లు ఉండాలన్నది మొదటి రోజే నియమావళిలో రాసుకోవాలి. పదవిలో ఉన్న పార్టీ నాయకులకు చోటు ఉండకూడదని కూడా. మందుల కొనుగోలు, జీతాలు, ఉచిత వైద్యం పొందినవాళ్ల సంఖ్య మూణ్నెల్లకోసారి గ్రామసభలో చదవాలి. లెక్క చెప్పని దానం ఎంత పెద్దదైనా ఊరు దాన్ని తనదనుకోదు.

మొదలుపెట్టేది కూడా చిన్నగానే ఉండాలి. నూరు మంచాల భవనానికి శంకుస్థాపన చేసి శిలాఫలకం పెట్టే తొందర వద్దు. ఒక అద్దె ఇంట్లో బీపీ, షుగర్, కళ్లు, మూత్రపిండాల పరీక్షలు, జెనరిక్ మందుల దుకాణం, స్థానికంగా శిక్షణ పొందిన ఇద్దరు ముగ్గురు యువతులు, వారానికి కొన్ని రోజులు వచ్చే డాక్టర్. ఇంతే. బీడీ కార్ఖానాలో, కల్లాల దగ్గర, సాంచల మధ్య ఆ యువతులు తిరిగి చూస్తే ఏడాదిలో ఆ మండలం ఆరోగ్యం గురించి ఇప్పటిదాకా ఎవరికీ తెలియని సంగతులు తెలుస్తాయి. ఏ యంత్రం కొనాలి, ఏ మంచం వేయాలి అన్నది ఆ తర్వాత ఆ లెక్కలే చెబుతాయి.

డిచ్‌పల్లికి ఒక నర్సాగౌడ్ దొరికాడు, బంజారాహిల్స్‌కు ఒక ఎల్.వి. ప్రసాద్ దొరికాడు. అలాంటి దాత రుద్రంగికి దొరికితే మంచిదే, దొరికేదాకా ఆగాల్సిన పని లేదు. రుద్రంగి, చందుర్తి, కథలాపూర్ మండలాల సింగిల్ విండోల అధ్యక్షులు, మహిళా సమాఖ్యల నాయకురాళ్లు, గల్ఫ్ సంఘాల పెద్దలు ఒకచోట కూర్చోవాలి. వచ్చే మహాసభల ఎజెండాలో దవాఖాన సంఘాన్ని ఒక అంశంగా పెట్టాలి. సభ్యత్వ రుసుము ఎంతన్నది సభ్యులే తేల్చాలి.